ఎవరిచేత? – అమరావతి శిల్పాలు, మ్యూజియం లేబుల్‌లో కనబడని కర్త

కర్తరి, కర్మణి ప్రయోగాలను మీరు పాఠశాలలోనే చదువుకున్నారు. 'రాముడు రావణుణ్ని చంపాడు' అన్నది కర్తరి. 'రావణుడు రామునిచేత చంపబడ్డాడు' అన్నది కర్మణి. ఈ రెండో వాక్యం తెలుగు నుడికి సహజం కాదని మీ ఉపాధ్యాయులు చెప్పే ఉంటారు. మనం మాట్లాడేటప్పుడు అలా అనం. కాని మ్యూజియంలో అడుగుపెట్టి అక్కడి లేబుళ్లు చదివితే ఎక్కువగా కనబడేది ఈ ప్రయోగమే. ఫలానా చోట కనుగొనబడినది, ఫలానా సంవత్సరంలో సేకరించబడినది, ఇక్కడికి తరలించబడినది. ఈ వాక్యాల్లో 'రామునిచేత' అన్న మాట కూడా ఉండదు. అది లేకపోయినా వాక్యం వ్యాకరణరీత్యా నిలబడుతుంది. రావణుడు చంపబడ్డాడు, అంతే. ఎవరిచేత అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

ఈ పాఠంలో మనం చేయబోయే పని ఆ 'ఎవరిచేత' అన్న ప్రశ్నను తిరిగి వేయడం. ఇందుకు అమరావతి మహాచైత్యం శిల్పాలను ఉదాహరణగా తీసుకుంటున్నాం. వీటిలో కొన్ని లండన్‌లో, ఎక్కువ భాగం చెన్నైలో, మిగిలినవి అమరావతిలోను, ఇతర చోట్ల ఉన్నాయి.

ప్రదర్శన కూడా ఒక రచనే

గత పాఠాల్లో కావ్యాన్ని, కథను విమర్శ దృష్టితో చదవడం నేర్చుకున్నారు. అదే దృష్టిని మ్యూజియం గది మీద నిలపవచ్చా? నిలపవచ్చు, నిలపాలి కూడా. కథకుడు ఏ సంఘటన చెప్పాలో, ఏది వదలాలో, ఎవరి కంటితో చూపాలో నిర్ణయించుకుంటాడు. మ్యూజియం అధికారి కూడా ఏ శిల్పాన్ని ముందు పెట్టాలో, దేన్ని గోదాములో ఉంచాలో, దీపం ఎటు వేయాలో, లేబుల్‌లో ఏం రాయాలో నిర్ణయిస్తాడు. తేడా ఒక్కటే. కథ కింద రచయిత పేరు ఉంటుంది, లేబుల్ కింద ఉండదు. సంతకం లేని రచనను నిజమని నమ్మడం మనకు అలవాటు. మ్యూజియానికి ఉన్న అధికారంలో సగం ఈ అలవాటు నుంచే వస్తుంది.

దీపాలదిన్నె నుంచి లండన్ దాకా

కృష్ణానది ఒడ్డున ఉన్న ఈ దిబ్బను స్థానికులు దీపాలదిన్నె అని పిలిచేవారు. 1790ల చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చుకున్నాడు. కొత్త పట్టణానికి రాయి, ఇటుక కావలసివచ్చి దిబ్బను తవ్వించాడు. ఆ సంగతి విని 1798లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. సర్వేయర్ జనరల్ హోదాలో 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ భాగం చెరువుగా తవ్వేసి ఉంది. మిగిలినదాన్ని ఆయన తన చిత్రకారులతో కొలిపించి, గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. స్తూపం ఎలా ఉండేదో ఊహించడానికి నేటికీ అవే పెద్ద ఆధారం. కొన్ని రాళ్లను కూడా ఆయన పంపించాడు. వాటిలో కొన్ని కలకత్తా చేరాయి, కొన్ని లండన్ వెళ్లాయి.

తరవాత మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే కలెక్టర్ కొన్ని ఫలకాలను తెప్పించి, తాను కట్టించిన బజారుకు అలంకారంగా నిలబెట్టించాడు. 1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఎలియట్ తవ్వకం జరిపి పెద్ద సంఖ్యలో శిల్పాలను మద్రాసుకు పంపాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో 120కి పైగా శిల్పాలను ఓడలో లండన్ పంపించారు. అక్కడ కూడా వాటికి వెంటనే చోటు దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే వాస్తు చరిత్రకారుడు వాటిని మళ్లీ 'కనుగొన్నది' ఒక గుర్రపు బండ్ల షెడ్డులో. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి.

ఇటు అమరావతిలో 1877లో రాబర్ట్ స్యూయల్ మరికొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు, బకింగ్‌హామ్ డ్యూక్, దిబ్బ మొత్తాన్ని తవ్వి శుభ్రం చేయమన్నాడు. ఏ రాయి ఏ లోతులో, ఏ దిక్కున దొరికిందో సరిగా నమోదు చేయకుండానే ఆ పని పూర్తయింది. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి మిగిలింది ఒక గొయ్యి, దాని చుట్టూ రాళ్లు. పురావస్తు శాస్త్రానికి రాయి ఎంత ముఖ్యమో అది ఉన్న చోటు అంత ముఖ్యం. రాయిని తరవాతైనా శుభ్రం చేసుకోవచ్చు, చోటు పోతే తిరిగి రాదు. మెకంజీ చూసిన నాటి నుంచి జరిగిన నష్టాలన్నిటిలో, నా అభిప్రాయంలో, ఇదే పెద్దది. ఇది ఏ దొంగా చేసింది కాదు. ప్రభుత్వ ఉత్తర్వు చేసింది.

'మేం కాపాడాం' అనే వాదన

పెద్ద మ్యూజియంల సమర్థకులు తరచు చేసే వాదన ఒకటుంది. మేం తీసుకురాకపోతే ఇవి సున్నపు బట్టీల్లో కాలిపోయేవి, మెట్లరాళ్లయ్యేవి అంటారు. ఇందులో అబద్ధం లేదు. అమరావతి పాలరాయి అని మనం పిలిచేది నిజానికి పల్నాటి సున్నపురాయి. దాన్ని కాల్చి సున్నం చేసుకున్న మాట వాస్తవం. శివగంగ చెరువు మెట్లకు ఫలకాలు వాడిన మాట కూడా వాస్తవమే. 'పరాయివాడు దోచుకుపోయాడు, మనవాళ్లు పూజించుకుంటూ ఉన్నారు' అని సులువుగా రాసే వ్యాసాలు మీకు కనబడతాయి. వాటిని నమ్మకండి. ఆనాటికి ఆ దిబ్బ స్తూపమన్న జ్ఞాపకమే అక్కడ చెరిగిపోయింది.

అయినా ఈ వాదనను వరస తప్పకుండా చదవండి. జమీందారు నుంచి కాపాడిన రాయి మద్రాసు వానలో తడిసింది. మద్రాసు వాన నుంచి కాపాడిన రాయి లండన్ షెడ్డు చేరింది. షెడ్డు నుంచి బయటపడింది ఒక పండితుడి కంట పడటం వల్లనే. ప్రతి రక్షకుడూ అంతకు ముందటి రక్షకుడి నిర్లక్ష్యాన్నే తన హక్కుకు ఆధారంగా చూపాడు. అన్నిటికంటె క్షుణ్ణంగా దిబ్బను ఖాళీ చేసింది 1880 నాటి పని. దాన్ని ఆజ్ఞాపించింది సున్నం కాల్చుకునే కూలి కాదు.

మాటల ఎంపిక చూడండి. జమీందారు రాయి తీస్తే విధ్వంసం అన్నారు, కమిషనర్ తీస్తే సేకరణ అన్నారు. ఉద్దేశాల్లో తేడా ఉంది, దాన్ని కాదనను. ఒకరికి కావలసింది మెట్లరాయి, ఇంకొకరికి కావలసింది శిల్పం. కాని రాబర్ట్‌సన్ బజారు అలంకారాన్ని ఏ పేరుతో పిలుద్దాం? అక్కడ ఆ రెండు మాటల మధ్య గీత చెరిగిపోతుంది.

ఆ రోజుల్లో వేరే దారి లేదా? ఉంది. పురాతన కట్టడాల పరిరక్షణకు నియమితుడైన హెన్రీ హార్డీ కోల్ శిల్పాలను ఉన్నచోటే ఉంచి కాపాడాలని, మ్యూజియంలకు అచ్చుపోసిన ప్రతిరూపాలు చాలునని భావించిన అధికారి. అమరావతి శిల్పాల తరలింపును ఆయన వ్యతిరేకించాడు. ఆయన మాట నెగ్గలేదు, బర్జెస్ ఎంపిక చేసిన రాళ్లు మద్రాసు వెళ్లాయి. 'ఆ కాలపు ఆలోచన అలాంటిది, నేటి విలువలతో కొలవకూడదు' అని ఎవరైనా అన్నప్పుడు కోల్ పేరు గుర్తుంచుకోండి. ఆ కాలంలో రెండు ఆలోచనలూ ఉన్నాయి. అధికారం ఒకదాన్ని ఎంచుకుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
గమనిక: సమాధానాన్ని అయిదారు వాక్యాల్లో రాయండి.
'సేకరణ', 'విధ్వంసం' అనే మాటలను ఒకే రకమైన పనికి వేర్వేరు వ్యక్తుల విషయంలో ఎలా వాడారో అమరావతి ఉదాహరణతో వివరించండి.

రాతి మీద ఎవరి పేరు

మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లిన శిల్పాలకు పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన పేరు 'ఎలియట్ మార్బుల్స్'. ఏథెన్స్ నుంచి లండన్ చేరిన 'ఎల్గిన్ మార్బుల్స్' వరసలో ఈ పేరు పుట్టింది. ఇవి చలువరాళ్లు కావు, ఎలియట్ చెక్కించినవీ కావు. రెండు మాటల పేరులో రెండు మాటలూ తప్పే. అయినా 1858లో లీనియస్ ట్రైప్ తీసిన ఫొటోల సంపుటి కూడా ఆ పేరుతోనే వెలువడింది.

విచిత్రం ఏమిటంటే, ఈ రాళ్లకు పేర్ల కొరత లేదు. చాలా ఫలకాల మీద దాతల పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కి ఉన్నాయి. గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, తమ పేరనే దానం చేసిన స్త్రీలు వారిలో ఉన్నారు. ఒక శాసనంలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. ఉపాధ్యాయుడు నాగుని కుమారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని చైత్యానికి సమర్పించాడు. చర్మకారుడు తన వృత్తిని దాచుకోకుండా, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని, మహాచైత్యం రాతి మీద నిలబడ్డాడు. తరవాతి శతాబ్దాల్లో ఆ వృత్తివారికి ఊళ్లో ఏ చోటు దక్కిందో మీకు చెప్పనక్కరలేదు. కనుక ఈ పేరు కళాచరిత్రలో ఒక చిన్న వివరం మాత్రమే కాదు. దాన్ని లేబుల్‌లో రాయడం, రాయకపోవడం వల్ల నేడు బతికి ఉన్న మనుషులకు తేడా కలుగుతుంది.

వ్యాకరణం వైపు మళ్లీ ఒకసారి చూద్దాం. ఈ దాన శాసనాలు సాధారణంగా షష్ఠీ విభక్తిలో మాట్లాడతాయి. 'ఫలానావాని దానం', 'ఫలానా ఆమె దానం'. ఇచ్చిన మనిషి ఎవరో మొదటే తెలిసిపోతుంది. దాని పక్కన మ్యూజియం లేబుల్‌ను పెట్టి చూడండి. శతాబ్దం, రాయి రకం, కొలతలు, ప్రవేశ సంఖ్య ఉంటాయి. ఇచ్చినవారి ఊసు ఉండదు, తీసుకున్నవారి క్రియకు కర్త ఉండడు. దాత స్థానంలో ఏదైనా పేరు కనబడితే అది తరచు సేకర్తది, లేదా గదికి డబ్బిచ్చిన సంస్థది. లండన్‌లో ఈ శిల్పాలున్న గదికి ఒక జపాన్ వార్తాపత్రిక పేరు ఉంది.

సేకరణలో చేయి కలిపిన మనవారి పేర్లు కూడా ఇలాగే వెనక్కి పోయాయి. మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫియత్తులు, శాసనాలు, చేతిరాతలు సేకరించినవారిలో ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ముఖ్యులు. ఆ సేకరణకు నిలిచిన పేరు మాత్రం మెకంజీది. దిబ్బలో పలుగు పట్టిన కూలీల పేర్లు అసలే లేవు.

గోడకు అతికిన ప్రదక్షిణ

స్తూపం చుట్టూ తిరిగి చూసేది. ప్రాకారం బయటి వైపు ప్రధానంగా పద్మాలు, లోపలి వైపు జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు ఉండేవి. బయట నిలబడినవాడికి ఒక దృశ్యం, లోపలికి వచ్చి ప్రదక్షిణ చేసేవాడికి ఇంకొకటి. భక్తుడి నడకతో కథ విప్పుకునేది. మద్రాసు మ్యూజియంలో ఒకప్పుడు ఈ ఫలకాలను సిమెంటుతో గోడల్లో బిగించారు. రాతిలోకి ఉప్పు చేరి కలిగిన హాని ఒక ఎత్తు. ప్రదక్షిణ చేసేవాణ్ని గోడ ముందు నిలబడిన ప్రేక్షకుడిగా మార్చడం ఇంకో ఎత్తు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకానికి రెండు ముఖాలు ఉన్నాయి. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దాన్ని పూజిస్తున్న జనం. కొన్ని శతాబ్దాల తరవాత అదే రాతిని తిప్పి రెండోవైపు అలంకరించిన స్తూపాన్ని చెక్కారు. ఇలాంటి రాయిని గోడకు బిగిస్తే కొన్ని వందల ఏళ్ల చరిత్ర గోడలోకి పోతుంది.

బ్రిటిష్ మ్యూజియంలో ఈ శిల్పాలు ఒకప్పుడు ప్రధాన మెట్లదారి గోడల మీద ఉండేవి. తరవాత చాలా ఏళ్లు నేలమాళిగలో ఉన్నాయి. 1992 నుంచి తేమను, వేడిని అదుపులో ఉంచే ప్రత్యేకమైన గదిలో ఉన్నాయి. గది బాగుంటుంది, శిల్పానికి సుఖంగా ఉంటుంది. ఈ మాట చెప్పడానికి సంకోచించనక్కరలేదు. అమరావతిలో మహాచైత్యం ఉన్నచోట ఇప్పుడు గడ్డి మొలిచిన గుండ్రటి వేదిక, అక్కడక్కడ నిలబెట్టిన కొన్ని రాళ్లు కనబడతాయి. 2006 జనవరిలో కాలచక్ర ఉత్సవాలకు దేశదేశాల బౌద్ధులు వచ్చి ప్రదక్షిణ చేసింది ఆ వేదిక చుట్టూనే. శిల్పం లేని చోట భక్తి ఉంది. శిల్పం ఉన్న చోట ప్రదక్షిణకు దారి లేదు.

చట్టం ఎక్కడ ఆగుతుంది

తిరిగి ఇవ్వమని అడగవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ మ్యూజియం తన వస్తువులను వదులుకోవడానికి వీలులేదు. అక్రమ రవాణాపై 1970లో వచ్చిన యునెస్కో ఒప్పందం వెనకటి కాలానికి వర్తించదు. మన పురావస్తువుల చట్టం 1972 నాటిది.

గుండ్లకమ్మ ఒడ్డున, ప్రకాశం జిల్లా చందవరంలో మరో బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి ఒక శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో ఒక అమెరికా వ్యాపారి నుంచి కొన్నది. అది చోరీ అయిన శిల్పమని పాత ఫొటోల ఆధారంగా తేలింది. 2016లో దాన్ని భారతదేశానికి తిరిగి ఇచ్చారు. అమరావతి శిల్పాల వంటిదే రాయి, అదే శిల్ప సంప్రదాయం. చందవరం రాయి తిరిగి వచ్చింది, అమరావతి రాయి రాలేదు. మొదటిది తీసినవాడు దొంగ, రెండోది తీసినవాడు ప్రభుత్వం. తీసినవాడే చట్టం చేసేవాడయినప్పుడు ఆ తీయడం చట్టబద్ధం కాకుండా ఎలా పోతుంది? చట్టబద్ధం, న్యాయం అనే రెండు మాటలకు అర్థంలో ఉన్న దూరాన్ని మీ పరీక్ష సమాధానాల్లో విడదీసి చూపండి. చాలామంది విద్యార్థులు ఇక్కడే రెండింటినీ కలిపేస్తారు.

చెన్నైలోని శిల్పాల సంగతి ఇంకో చిక్కు. అవి వెళ్లిననాడు గుంటూరు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక శిల్పాలు అక్కడే ఉండిపోయాయి. దేశం దాటలేదు కనుక ఇది 'తిరిగి రప్పించడం' కిందికి రాదని కొందరంటారు. అమరావతిలో చదువుకుంటున్న పిల్లకు లండన్‌కన్నా చెన్నై దగ్గర, అది నిజం. తన ఊరి రాయి తన ఊళ్లో లేకపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

మన గాజుపెట్టెలో

ఇంతవరకు మనం పోగొట్టుకున్నవారి వైపు నిలబడి మాట్లాడాం. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియానికి వెళితే వైపు మారుతుంది. అక్కడ ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. 1920 ప్రాంతంలో ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఇచ్చారు. ఆయన మ్యూజియానికి ఇచ్చారు. అది వస్తువు కాదు. ఒక అమ్మాయి దేహం. ఆమెవారు ఆమెను ఆచారం ప్రకారం పడుకోబెట్టింది మనం చూడటానికి కాదు. బడిపిల్లలు వరసలో వచ్చి గాజులోంచి చూసి వెళతారు. మనలో చాలామందికి చిన్నప్పటి విహారయాత్రలో బాగా గుర్తున్నది అదే. ఈజిప్టు నుంచి ఎవరైనా వచ్చి 'ఎవరిచేత?' అని అడిగితే మన దగ్గర కొనుగోలు కథ ఉంది. కొన్నాం అన్న జవాబు లండన్ నుంచి వస్తే మనం ఒప్పుకుంటామా?

నాగార్జునకొండను కూడా ఇక్కడే తలచుకోవాలి. సాగర్ నీటిలో మునగబోతున్న లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు అది ద్వీపం, అక్కడే మ్యూజియం ఉంది. ఈసారి నమోదు జాగ్రత్తగా జరిగింది, ఉత్తర్వు మన ప్రభుత్వానిది, నీరు మన పొలాలకు వచ్చింది. అయినా లోయ వదిలి వెళ్లిన ఊళ్ల గురించి ఆ మ్యూజియంలో ఎంత చెప్పారో ఈసారి లాంచీ ఎక్కినప్పుడు గమనించండి.

అభ్యాసం

మీకు దగ్గరలోని ఏదైనా మ్యూజియంలో, అది లేకపోతే ఊరి గుడి ఆవరణలోనో పంచాయతీ కార్యాలయం ముందో నిలబెట్టిన పాత శిల్పం దగ్గరలో, ఒక వస్తువును ఎంచుకోండి. దాని లేబుల్‌ను ఉన్నదున్నట్టు రాసుకోండి. లేబుల్ లేకపోతే అక్కడివారిని అడిగి, వారు చెప్పినది రాసుకోండి. ఆ తరవాత 80 మాటలకు మించకుండా మీరే కొత్త లేబుల్ రాయండి. కర్మణి ప్రయోగం వాడకూడదు. ప్రతి క్రియకూ కర్త ఉండాలి. కర్త ఎవరో తెలియని చోట ఖాళీ గీత గీసి వదిలేయండి, దాన్ని పూరించడానికి ఊహ వాడవద్దు. రెండు లేబుళ్లనూ తరవాతి సంపర్క తరగతికి తీసుకురండి.